ఎర్రగా కనబడిన వరుస

కళ్యాణదుర్గం. ఆగస్టు 2003, మంగళవారం రాత్రి.

ఈరోజు ఆఫీసులో అందరి ముందూ, నాతో కంప్యూటర్ పని చేసే ఖాజా అన్న మీద అరిచాను. కరువు సాయంగా పశువులకు ఇచ్చే గడ్డి జాబితాలో కంబదూరు పక్క రైతు సుంకన్న పేరు లేదు. పాపం, గడ్డి కోసం వచ్చి ఉత్త చేతులతో పోయాడు. పేదవాడి పేరు ఎవరి కోసం కొట్టేశారని నిలదీశాను. సంఘం కరపత్రాల్లో చదివిన మాటలన్నీ వాడేశాను.

ఖాజా అన్న టీ తాగుతూ విన్నాడు. "అరిచేది అయిపాయనా అప్పా? ఇట్ల కూర్చో, నీ దొంగను పట్టుకుందాం" అన్నాడు.

కంప్యూటర్లో మేం చేసే ప్రతి పనీ లాగ్‌లో ఒక వరుసగా పడుతుంది. వేల వరుసలు, అన్నీ తెల్లగానే. ఖాజా అన్న ఆ లాగ్ చూపించే టెర్మినల్ సెట్టింగుల్లో 'డిలీట్' అన్న మాటకు ఎరుపు, సుంకన్న పేరుకు పసుపు పెట్టాడు. కిందికి జరుపుతూ పోతే రెండు రంగులూ ఒకే వరుసలో కనబడ్డాయి. ఆ వరుసలో ఉన్న లాగిన్ నాది.

పోయిన వారం బోగస్ పేర్లు ఏరేస్తానని కూర్చున్నాను. ఇద్దరు సుంకన్నలు, ఇద్దరి తండ్రులూ హనుమంతప్పలే. రెండోది దొంగ పేరనుకుని తీసేశాను.

"ఈడ ఇంటికొక సుంకన్న ఉండాడని నీ కరపత్రాల్లో రాయలేదా, లీడరూ?" అని నవ్వాడు. అందరి ముందూ తిట్టినవాణ్ణి, ఎవరూ లేనప్పుడు క్షమించమన్నాను.

పేరు మళ్లీ ఎక్కించాను. కానీ గడ్డి లేక రేపు సంతలో ఎద్దులు అమ్మేస్తానని సుంకన్న చెప్పిపోయాడు. వాళ్ల ఊరికి ఫోన్ కలవలేదు. మొదటి బస్సుకే పోవాలి. ఆయన ఎద్దుల్ని విప్పకముందే ఎదురు నిలబడి, తీసేసింది నేనేనని చెప్పాలి. ఆ తర్వాత నన్ను నమ్ముతాడో, కొడతాడో…