బందరులో మనవాళ్ల గెలుపు

గుణదల, విజయవాడ,
14-12-1975, ఆదివారం.

శ్రీవారికి, మీ భార్య అమలమ్మ నమస్కారాలు. దేవుని దయవల్ల ఇక్కడ ముగ్గురమూ కులాసాగా ఉన్నాము. భిలాయిలో చలి ముదిరిందని రాశారు. స్వెట్టరు పెట్టె అడుగున దాచుకుని, వణుకుతూ డ్యూటీకి పోతున్నారేమోనని నా బెంగ. దయచేసి తీసి వేసుకోండి.

మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్యకు దగ్గు తగ్గింది. ఈ ఉదయం పూజకు గుడిదాకా నడిచే వచ్చారు. వంటింటి మీద పెంకులు సర్దించాను. మొన్నటి వానకు చుక్క కూడా కారలేదు. బాలశౌరికి లెక్కల్లో నూటికి అరవై రెండు వచ్చాయి. వాడు బంతి జోలికి పోవడం లేదు కదా అని కూడా అడిగారు. ఆ మాటకు జవాబు కొంచెం ఆగి రాస్తాను.

నిన్న నేను బందరు వెళ్లాను. పక్కింటి పద్మావతమ్మగారు వాళ్ల చెల్లెలిని చూడటానికి పోతుంటే తోడు బయలుదేరాను. కానీ నేను వెళ్లింది మన కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచీ కోసం. మా బడి గోడ అవతలే కాలేజీ గ్రౌండు అని మీకు తెలుసు. పదకొండేళ్లుగా సాయంత్రం పిల్లల్ని ఇళ్లకు పంపేశాక ఆ గోడ దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. ఎవరు ఎడమకాలితో కొడతారో, ఎవరికి ఆయాసం త్వరగా వస్తుందో చెప్పగలను. మీరు నవ్వినా సరే, ఆ ఆటంటే నాకు ఇష్టం.

బందరువాళ్లు సొంత గ్రౌండులో మూడేళ్లుగా ఓడలేదు. పోయినేడు మనవాళ్లు అక్కడే నాలుగు గోల్స్ తిని వచ్చారు. అక్కడి నేల ఇసుక నేల, బంతి ఎంత గట్టిగా కొట్టినా దూరం పోదు. మనవాళ్లకేమో దూరం కొట్టడమే అలవాటు. అందుకని డ్రిల్లు మాస్టారు సంజీవరావుగారు ఈసారి పిల్లల్ని నెల రోజులు కృష్ణ ఇసుకలో ఆడించారు. ఆ కష్టం నిన్న కనబడింది. బంతిని దగ్గరదగ్గరగా అందించుకుంటూ, ఎక్కడా తొందర లేకుండా ఆడారు. సగం ఆటకి ఒక గోల్, తరువాత మరో రెండు. బందరువాళ్లకి ఒక్కటీ రాలేదు. మొదట్లో గోలగోలగా అరిచిన జనం చివరికి నిశ్శబ్దంగా చూశారు. నా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన తమలపాకు చుట్టుకుంటూ, మీవాళ్లు బాగా ఆడుతున్నారమ్మా అని ఒప్పుకున్నారు.

నాకు గోల్స్ కన్నా నచ్చింది వేరే ఉంది. పోయినేడు ఒక గోల్ వేస్తే చాలు, మనవాళ్లకి ఒళ్లు తెలిసేది కాదు. నిన్న మూడు గోల్స్ ఆధిక్యంలో ఉండి కూడా ఎవరి చోటు వాళ్లు వదల్లేదు. కింద పడ్డ బందరు కుర్రాణ్ణి మనవాడే చెయ్యిచ్చి లేపాడు. కుడివైపు మాత్రం మనకింకా బలం చాలదు. గుంటూరువాళ్లు దాన్ని కనిపెడతారు. ఫైనలు వాళ్లతోనే, వాళ్ల ఊళ్లోనే.

ఇంతదూరం రాశాక ఇక దాచి ప్రయోజనం లేదు. ఆ చెయ్యిచ్చి లేపినవాడు, వెనక బ్యాక్‌గా నిలబడి బందరువాళ్లని గోల్ దాకా రానివ్వనివాడు, మన బాలశౌరి.

పోయినేడు ఏలూరు మ్యాచీలో వాడి భుజం ఎముక విరిగినప్పుడు, ఆరు వారాలు కట్టుతో మంచాన పడి పరీక్ష పోగొట్టుకున్నప్పుడు, మీరు సెలవు పెట్టి వచ్చి చదువా బంతా ఒకటే తేల్చుకోమన్నారు. మీ భయం నాకు తెలుసు. వాడు ఎదురు చెప్పలేదు, మానేశాడు. జూన్ నుంచి కాలేజీ వదలగానే గ్రౌండు పక్కదారి విడిచి, కాలవగట్టు చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేవాడు. ఎందుకురా ఇంత చుట్టు అని ఒకరోజు అడిగాను.

"కనబడితే కాళ్లు ఆగవమ్మా" అన్నాడు.

సెప్టెంబరులో సంజీవరావుగారు తండ్రి సంతకం కావాలని ఫారం పట్టుకుని ఇంటికి వచ్చారు. బాలశౌరి, నాన్నకి ఇష్టం లేదండీ అని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. నేను ఆ ఫారం తీసుకున్నాను. పది రోజులాగి సంతకం చోట మీ పేరు నేనే రాశాను. వాడితో, నాన్నకి ఉత్తరం రాశాను, ఒప్పుకున్నారు అని అబద్ధం చెప్పాను. మీకు చెప్పకుండా నేను చేసిన పని ఇదొక్కటే, చిన్నది కాదు.

నిన్న రెండో సగంలో వాడు ఆ భుజం మీదే పడ్డాడు. నేను లేచి నిలబడ్డాను. మీకేమని రాయాలా అని ఒక్కటే ఆలోచన. వాడు చెయ్యి రెండుసార్లు తిప్పి చూసుకుని, లేచి పరుగెత్తాడు. దెబ్బేమీ లేదు, నేను తడిమి చూశాను. పద్మావతమ్మగారు చెల్లెలింట్లో ఆగిపోతే, వాడు మాస్టారి దగ్గర సెలవు తీసుకుని నాతోనే బస్సెక్కాడు.

"భుజానికేం కాలేదని నాన్నకి రాయమ్మా. ఒప్పుకున్నందుకు సంతోషమని కూడా రాయి" అన్నాడు.

అది విని ఉండబట్టలేక పామర్రు దగ్గర జరిగిందంతా చెప్పేశాను. ఉయ్యూరు దాటేదాకా కిటికీలోంచి చెరుకు తోటల వంక చూస్తూ కూర్చున్నాడు. నన్ను ఒక్కమాట అనలేదు. అంటే తేలికగా ఉండేది.

"నాన్న చెప్పేదాకా గుంటూరు రానని మాస్టారికి చెప్తాను" అన్నాడు చివరికి. ఇవాళ పొద్దున పూజ అవగానే వెళ్లి చెప్పి వచ్చాడు కూడా.

మాస్టారు వాడి బదులు ఇంకా ఎవరి పేరూ రాయలేదట. ఫైనలు జనవరి పదిన. దానికి కొత్త ఫారం కావాలి, ఈ కవరులోనే పెట్టాను. పైన వాడి పేరు వాడే రాసుకున్నాడు. కింద తండ్రి సంతకం దగ్గర ఖాళీగా ఉంది. మీరు సంతకం పెట్టకుండా తిప్పి పంపినా, వాణ్ణి కోప్పడకండి. కోపమంతా నామీదే చూపించండి.

ఇట్లు,
మీ పేరు మళ్లీ ఎన్నడూ రాయనని మాటిస్తూ,
మీ భార్య
అమలమ్మ.