ఓలెటా పెళ్లి తెగిందా లేదా

ఫిబ్రవరి 3, సోమవారం

ఓలెటా కారు మా షెడ్డు ముందు ఆపి హారన్ కొట్టింది. ఎవరిదో గడ్డి కోసే మిషను విప్పుకుని కూచున్నా. చేతులు తుడుచుకుంటూ వెళ్లి, ఏం మేడమ్, అద్దాలు తుడవాలా అన్నా. తిట్టలేదు. ఓలెటా తిట్టలేదంటే ఏదో ఉందన్నమాటే.

గుండెలో వాల్వు ఒకటి పాడైందట. ఏప్రిల్ ఆఖర్లో ఆపరేషన్. దాని గురించి దిగులు లేదు. ఆస్పత్రి కౌంటర్లో పిల్ల, పెళ్లయిందా మేడమ్, మీ ఆయన పేరేంటి అని అడిగిందట. జవాబు తెలియక లేచి వచ్చేసింది.

నవ్వొచ్చే మాటే. కానీ నిజం. ఆవిడ మొగుడు రాయిస్ గాడు ఎనిమిదేళ్ల కిందట ఇల్లొదిలి పోతూ, మాజీ సైనికుల లీజియన్ హాల్లో పార్టీ ఇచ్చాడు. విడాకులైపోయాయి, నేను ఫ్రీ అని కేకు కోశాడు. ఊరంతా తిన్నాం. నేను రెండు ముక్కలు తిన్నా. కాగితం ఏదిరా అని ఒక్కడూ అడగలేదు. కేకు తింటూ ఎవడడుగుతాడు.

ఓలెటా భయం వేరు. ఒరేయ్, నేను మత్తులో ఉండగా అటూ ఇటూ అయితే డాక్టర్లు మొగుణ్ణి అడుగుతారటరా, నన్ను ఉంచాలా వద్దా అనేది రాయిస్ చెప్పడమా, వాడికి కుక్కకి తిండి పెట్టాలని కూడా గుర్తుండేది కాదు అంది.

ఆపరేషన్ లోపల తేల్చాలి. తెగిందా లేదా.

ఫిబ్రవరి 7, శుక్రవారం

లీజియన్ హాల్లో శుక్రవారం చేపల వేపుడు. మామూలుగానే అందరి ముందూ మోకాలేసి, నన్ను పెళ్లి చేసుకో ఓలెటా అన్నా. మామూలుగానే నవ్వింది. ముందు పాత మొగుడు ఉన్నాడో లేడో చూడనీరా అంది. నాలుగేళ్లుగా ప్రతి శుక్రవారం ఇదే. హాలంతా నవ్వుతుంది. నేనూ నవ్వుతా.

ఫిబ్రవరి 11

కోర్టుకెళ్లాం. క్లర్కు మాక్సీన్ నన్ను చూడగానే, ఏయ్ డెల్మర్, చేతులు జేబుల్లోంచి తియ్యి అంది. ఒకసారి ఆవిడ ఫైళ్ల సొరుగులో రబ్బరు పాము పెట్టాను, అది గుర్తు.

మా కౌంటీలో ఎవరి విడాకులైనా ఎవరైనా అడిగి చూడొచ్చట. నాకిన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే! పాత పేర్లు రెండు మూడు చదివేసరికి ఓలెటా నా చెవి పట్టుకుని పక్కకి లాగింది.

మాక్సీన్ వెతికింది. వాడి పేరు మీద, ఈవిడ పేరు మీద, ఈవిడ పెళ్లికి ముందు పేరు మీద. పెళ్లి దొరికిందమ్మా, విడాకులు లేవు అంది. వాడు వేరే కౌంటీలో ఉంటూ కేసు వేసి ఉంటే అక్కడుంటుందట. రాష్ట్రం ఆఫీసుకి ఉత్తరం రాసి కనుక్కోవచ్చు గానీ వారాలు పడుతుందట.

వాడు పోయాక ఎక్కడెక్కడ పనిచేశాడో చెప్పరా అంది ఓలెటా. చెప్పాను. వాడు ఎక్కడా ఎక్కువ కాలం ఉండే రకం కాదు, లిస్టు పెద్దదే.

ఫిబ్రవరి 18

ఈ మనిషి గురించి రాయాలి ఇవాళ.

ఓలెటా కౌంటీ వాళ్ల గ్రేడర్ నడుపుతుంది. మట్టిరోడ్లు చదును చేసే ఆ పసుప్పచ్చ రాక్షసి బండి. అది పోయాక ఆ రోడ్డు మీద కాఫీ ఒళ్లో పెట్టుకుని బండి నడపొచ్చు, చుక్క ఒలకదు. తెల్లారకుండా మొదలెట్టి, మంచుకి గుంటలు పడ్డ రోడ్డంతా సాపు చేసి, పన్నెండింటికి దిగి, మొహం కడుక్కుని, నన్ను ఎక్కించుకుని కౌంటీల మీద పడింది. ఆ గుండెతో.

వాడు పనిచేసిన కోళ్ల ఫ్యాక్టరీ ఉన్న కౌంటీలో విడాకుల కాగితం లేదు. దాని పక్కదాన్లో పాత ఫైళ్లు బేస్‌మెంట్‌లో ఉన్నాయి, ఇప్పుడు కుదరదు, ఎవరూ దిగరు అన్నాడు అక్కడివాడు. ఓలెటా చొక్కా చేతులు పైకి మడిచి, మెట్లు ఎటు అంది. వాడు నా వైపు చూశాడు. నా వైపెందుకు బాబూ, దారి చూపించు అన్నా.

బూజు, ఎలకల కంపు. మెట్ల మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుంది. మోసుకెళ్లనా అంటే, నోరు మూసుకుని లైటు పట్టు అంది. పట్టాను. అక్కడా లేదు.

ఫిబ్రవరి 20

వాళ్ల చెల్లెలు నాడీన్ ఫోన్లో ఏడుపు. అందరికీ తెలిసిందేగదే, ఎందుకు తవ్వుతావ్, చర్చిలో ఏమనుకుంటారు అని. ఓలెటా ఏమందో తెలుసా. అందరికీ తెలిసినదాని మీద జడ్జి సంతకం లేదే నాడీన్ అంది. భలే మనిషి.

ఫిబ్రవరి 24

ఆఖరి కౌంటీ. లేదు.

వాడు అసలు కేసే వెయ్యలేదు. కేకు మాత్రం కోశాడు.

గ్యాసు స్టేషన్ దగ్గర కారాపి, కోక్ సీసాలో వేరుశనగపప్పులు పోసుకుని తాగుతూ కూచుంది. ఎనిమిదేళ్లూ వాడి పెళ్లాన్నే అన్నమాట అంది. తిన్న కేకు కక్కేయమంటావా అన్నా. నవ్వింది, నవ్వీ నవ్వీ పప్పు గొంతుకి అడ్డంపడి దగ్గింది, కళ్లంట నీళ్లు. నేను వీపు మీద చరుస్తుంటే, సరే, వాడు చెయ్యనిది నేను చేస్తా అంది.

ఫిబ్రవరి 26

విడాకుల కేసు వేసింది. లాయర్ లేడు. వంటింటి బల్ల మీద కూచుని తనే రాసుకుంది. మాక్సీన్ ముద్ర కొట్టి, గట్టిపిండానివమ్మా అంది. నేనూ ఉన్నా పక్కన అన్నా. నీకు ముద్ర నుదుటి మీద కొట్టాలి అంది.

మార్చి 6

రాయిస్ ఎక్కడున్నాడో తెలీదు కాబట్టి పేపర్లో వేయించాలట. వేశారు. మేకపిల్లలు అమ్మబడును అనేదానికీ చర్చిలో స్పగెటీ భోజనానికీ మధ్యన. నెల లోపల జవాబు చెప్పకపోతే వాడి మాట లేకుండానే జడ్జి వింటాడు. కత్తిరించి షెడ్డులో ఫ్రిజ్ మీద అతికించా. తియ్యి అంది. తీసేశా. ఒక్కసారి చెప్పగానే! నాకే వింతగా ఉంది.

ఏప్రిల్ 8

వాడి నుంచి ఉలుకూ పలుకూ లేదు. మంచిదే. కానీ ఇప్పుడింకోటి. వాడు ఏడాదిన్నరకు పైగా ఈ గడప తొక్కలేదని ఇంకో మనిషి కోర్టులో ప్రమాణం చేసి చెప్పాలి. ఉత్త ఓలెటా మాట చాలదట. నాడీన్ చర్చి పేరు చెప్పి రానంది. ఓలెటాకి ఒక పక్కిల్లు రాయిస్ మేనత్తది. రెండో పక్కిల్లు నాది.

కౌంటీలో నిజం చెప్పేవాళ్లందర్నీ అడిగానురా, ఎవరూ రాలేదు, నువ్వు మిగిలావు అంది.

పైగా కేసు వినేది జడ్జి పిట్స్. ఆయన ఎలక్షన్లో నిలబడితే, పోటీగా నా మేక పేరుతో ఊరంతా పోస్టర్లు అంటించింది నేనే. మేకకి ఓట్లు కూడా పడ్డాయి.

ఏప్రిల్ 14

రేపే కోర్టు. ఇవాళ రిహార్సల్. నన్ను బకెట్ మీద కూచోబెట్టి ప్రశ్నలు అడిగింది. పేరేంటి అంటే, మర్చిపోయా అన్నా. ఎన్నేళ్లుగా తెలుసు అంటే, నువ్వు సన్నగా ఉన్నప్పట్నించీ అన్నా. కాగితం కింద పెట్టేసింది. అరవలేదు. ఒరేయ్, ఇది నా గుండె, రేపొక్కరోజు అంది.

స్కూల్లో కూడా నన్ను ఎవరూ అంత మెల్లగా అడగలేదు. అరిచారు, కొట్టారు, పంపేశారు.

ఏప్రిల్ 15

లాయర్ లేడుగా, ఓలెటానే నన్ను ప్రశ్నలడిగింది. చెయ్యెత్తి ప్రమాణం చేశా. పేరు చెప్పా. తొమ్మిదో క్లాసు నుంచీ తెలుసన్నా. రాయిస్ వచ్చాడా అంటే, రాలేదు, వస్తే మా కుక్క ముందు చెప్పేది అన్నా. అది జోకు కాదు, ఆ కుక్క నిజంగానే వాడి కాలు కరిచింది.

జడ్జి కళ్లద్దాల మీంచి చూశాడు. డెల్మర్, ఈ విడాకులొస్తే నీకేమన్నా లాభముందా అన్నాడు.

నాలిక మీదకి అయిదారు జోకులొచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు. ఉందో లేదో ఆవిడ చేతిలో ఉందండీ, ప్రతి శుక్రవారం అడుగుతున్నా, అది కూడా మేక పోస్టర్ల లాంటి వేళాకోళమే అనుకుంటోంది అన్నా.

వెనక మాక్సీన్ కిసుక్కుమంది. ఇదీ నీ వేషాల్లో ఒకటా అన్నాడు జడ్జి. ప్రమాణం చేశాను కదండీ అన్నా.

పని చెడగొట్టాననుకున్నా. ఓలెటా వైపు చూడలేకపోయా. జడ్జి చాలాసేపు కాగితాలు తిరగేశాడు. కుక్క మాట నమ్ముతున్నా, నీదీ నమ్ముతున్నా అని సంతకం పెట్టాడు.

ఇంటికి ఓలెటానే కారు నడిపింది. తన చేతులు స్టీరింగ్ మీద, కాగితం ఒళ్లో.

ఏప్రిల్ 18, శుక్రవారం

హాల్లో చేపల వేపుడుకి వెళ్లలేదు.

ఏప్రిల్ 24

పొద్దున ఓలెటాని ఆపరేషన్‌కి తీసుకెళ్లారు. వెళ్తూ కౌంటర్లో పిల్లతో, ఇప్పుడు అడగమ్మా, మొగుడు లేడు, రాసుకో అంది, గవర్నర్ లాగా.

నాడీనూ నేనూ బల్ల మీద కూచున్నాం. ఒక్క జోకూ రాలేదు. సాయంత్రం డాక్టరమ్మ బయటికొచ్చి, ఓలెటా తాలూకు ఎవరు అంది. ఇద్దరం లేచాం. నాడీన్ నన్ను చూసి, మళ్లీ కూచుంది.

బానే ఉంది. బానే ఉందట.

మే 30, శుక్రవారం

హాలు. తనకి వేపుడు వద్దన్నారు, నా ప్లేట్లోది లాక్కుని తింటోంది. నేను ఊరికే కూచున్నా. ఇవాళ అడగవేంరా అంది.

అడిగాను.

ఈసారి తను నవ్వలేదు.