రొయ్యల చెరువుకి ఎర్రగీతలు

రాజోలు, జులై 6

ప్రియమైన తమ్ముడు దుర్గాసాయికి అక్క విజయకుమారి ఆశీస్సులు.

నువ్వు మొదలుపెట్టిచ్చిన ప్రోగ్రాం పూర్తి చేశాను. రొయ్యల చెరువులో పెట్టిన మీటరు చెప్పేదంతా ఇప్పుడు కంప్యూటర్‌లో కనబడుతోంది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే సైరన్ మోగించే ముక్క నువ్వు రాసిందే, ముట్టుకోలేదు. మిగతా జావాస్క్రిప్ట్ అంతా నాదే!

తప్పులు పట్టే లింటర్ పెట్టుకోమన్నావు కదా, అదే కుదరలేదు. నువ్విచ్చిన కమాండు కొడితే, ఇక్కడ స్క్రిప్టులు నడపకూడదంటూ విండోస్ ఎర్రక్షరాలతో అడ్డుపడింది. మీ బావగారు వెనకనించి చూసి, "కంప్యూటరు కూడా నీ మాట వినట్లేదే!" అని ఒకటే నవ్వు. నిరుడు మబ్బు పట్టిన రోజున గాలాడక రొయ్యలన్నీ పైకి తేలిపోయాక ఆయన నవ్వడం నేను చూడలేదు. అందుకని కోప్పడలేకపోయాను.

మీ అక్క

విశాఖపట్నం, జులై 8

ప్రియమైన అక్కా,

తప్పు నీది కాదు. విండోస్‌లో పవర్‌షెల్ అనేది ఒట్టి అనుమానపు పక్షి. నువ్వు ప్రోగ్రాం రాసుకునే వీఎస్ కోడ్‌లో, కమాండ్లు కొట్టే టెర్మినల్ పక్కనున్న బాణం నొక్కి, కమాండ్ ప్రాంప్ట్ ఎంచుకుని అదే కమాండు కొట్టు. తర్వాత ఎక్స్‌టెన్షన్లలో ఈఎస్‌లింట్ అనే లింటర్ని వెతికి ఇన్‌స్టాల్ చెయ్యి. ఒక్క ఫైలు కాకుండా ఫోల్డరు మొత్తం తెరవడం మరిచిపోకు. ప్రోగ్రాం నడవకముందే అది చదివేసి, తేడా ఉన్నచోట ఎర్రగీత గీస్తుంది.

అయ్యప్ప బావగారు నవ్వేరంటే నాకు కడుపు నిండింది.

నీ సాయి

రాజోలు, జులై 13

ప్రియమైన సాయికి,

లింటర్ పెట్టాను, తీసేశాను కూడా.

మొదట్లో బాగానే ఉంది. వాడకుండా వదిలేసిన పేర్లూ అవీ చూపిస్తే బుద్ధిగా దిద్దుకున్నాను. ఆఖరికి నువ్వు రాసిన సైరన్ ముక్క కిందా గీత గీసింది! పదేళ్లుగా ఇదే పని చేస్తున్నవాడికే తప్పులు పడుతోందంటే దానికే బుర్ర లేదనుకుని ఆపేశాను. ప్రోగ్రాం హాయిగా నడుస్తోంది. ఇక నన్ను వేధించకు.

అక్క

విశాఖపట్నం, జులై 14

ప్రియమైన అక్కా,

నా లైన్లు వదిలెయ్యడానికి దానికి నేనేమన్నా చుట్టాన్నా? నీకు దణ్ణం పెడతాను, మళ్లీ పెట్టు. ఆ గీత మీద మౌస్ ఉంచితే ఏమంటోందో చదువు. ఈలోగా మబ్బు పడితే సైరన్‌ని నమ్మకు, చెరువు దగ్గరే ఉండమని బావగారితో చెప్పు.

సాయి

రాజోలు, జులై 24

ప్రియమైన తమ్ముడికి,

నీ మెయిలు చూసి భయం వేసి వెంటనే పెట్టాను. 'ఆక్సిజన్' అనే పేరుగలది ఈ ప్రోగ్రాంలో ఎక్కడా లేదంది. నిజమే! పిలవడానికి బావుందని నేనే నా భాగమంతటా ఆ పేరు తీసేసి 'వాయువు' అని పెట్టుకున్నాను. నీ ముక్కలో పాతపేరే ఉండిపోయింది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే తప్ప ఆ లైను నడవదు గనక అన్నాళ్లూ బయటపడలేదు. ఒక్క పేరు మార్చాను, గీత పోయింది.

నిన్న మధ్యాహ్నం గాలి స్తంభించి మబ్బు కమ్మేసింది. ఆయన భోజనానికి ఇంటికొచ్చి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే సైరన్ మోగింది. ఎంగిలి చేత్తోనే గట్టు మీద పరిగెత్తి, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లన్నీ వేసేశారు. నేను వెనకాలే వెళ్లి చూద్దును కదా, నీళ్ల మీద ఒక్క రొయ్య మీసం కూడా తేలలేదు. ఆయన గట్టు మీదే చతికిలబడ్డారు. నేనూ పక్కన కూచున్నాను.

ఇవాళ పొద్దున్న పక్కచెరువు వీరాయమ్మగారు వచ్చి, "ఆయ్, మా చెరువుక్కూడా అలాటిది పెట్టిస్తారేంటండీ?" అని వాకిట్లోనే అడిగారు. నేను లేవబోయేలోగా మీ బావగారు ఎదురెళ్లి, "మేడంగారు కోడు రాసుకుంటున్నారండి. కాసేపు కూచోండి," అన్నారు.

వేళాకోళానికి కాదురా, నిజంగానే అన్నారు.

సంతోషంతో,
మీ అక్క విజయకుమారి