రెండోసారి పెట్టిన టిక్కు

ఇంటావిడకు,

ఇంటి తాళాలు నమ్మి అప్పగించిపోయిన మనిషి రాస్తున్నది. ఇక్కడ నేనూ అమ్మాయీ క్షేమం. అక్కడ నువ్వూ, వదినగారూ, ఆవిడ కొత్త మోకాలూ క్షేమమేనని తలుస్తాను.

కుళాయి బాగుచేయించావా అని అడిగావు. చేయించాను. నీళ్ళు ఆగాయి గానీ ప్లంబరు మాటలు ఆగలేదు. ఆయన బావమరిది కాపురం సంగతంతా నాకిప్పుడు కంఠతా వచ్చు, నువ్వొచ్చాక చెప్తాను. అమ్మాయి సరిగ్గా తింటోందా అని కూడా అడిగావు. నిన్నటినుంచి తింటోంది. అంతకుముందు సంగతి రాయకుండా దాటేశాను.

యూనివర్సిటీలో ఇంజనీరు కాబోయేవాళ్ళయినా, సంగీతం నేర్చుకునేవాళ్ళయినా అందరూ చదివి తీరాల్సిన కోర్సులు కొన్ని ఉంటాయి కదా. ఈ ఏడు కమిటీ వేసి వాటి పని పట్టారు. పనికిరానివి తీసేస్తారట. మనమ్మాయి చెప్పే "వార్తల్లో లెక్కలు" పోతే దాని కాంట్రాక్టు ఉద్యోగమూ పోయినట్టే.

క్లాసులో మొదటిరోజూ చివరిరోజూ ఒకే ప్రశ్న ఇచ్చారు: పేపర్లో వచ్చిన లెక్క నమ్మొచ్చో లేదో తేల్చగలరా? మొదటిరోజు అందరూ "బాగా" దగ్గర టిక్కు పెట్టారు. చివరికొచ్చేసరికి చాలామంది "కొంచెం"లోకి దిగిపోయారు. కమిటీకి పెద్ద, కెమిస్ట్రీ మేడం. పిల్లలు ఆవిణ్ణి యాసిడ్ అంటారు.

"రాకముందు వచ్చన్నారు, వచ్చాక రాదంటున్నారు. మీరు నేర్పారా, మరిపించారా?" అందట.

"టిక్కులు వదిలేసి జవాబులు చదవండి మేడం" అంది మనమ్మాయి.

జవాబులంటే, రెండుసార్లూ ఒకే వార్త ఇచ్చింది. ఫలానా నూనె రాసుకున్న పదిమందిలో తొమ్మిదిమందికి జుట్టు పెరిగిందని. (ఆ నూనె నేనూ వాడాను, నా నెత్తి సంగతి నీకు తెలిసిందే.) మొదటిరోజు, "మంచి నూనె" అని రాసి ఊరుకున్నారు. చివరిరోజు, "అడిగిందెవరు? పదిమందినేనా? రాసుకోనివాళ్ళకు పెరగలేదా?" అని పేజీలు నింపారు.

మేడం కాసేపు చదివి, "నా దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్ళు కూడా ఇన్ని అడగరు" అందట. కోర్సు ఉంది, ఉద్యోగమూ ఉంది. టిక్కుల ప్రశ్న మాత్రం తీసేయమన్నారు. ఇల్లు తేలికపడింది.

ఇక అసలు సంగతి. సాయంత్రాలు నడకకు వెళ్తున్నానని రాశాను కదా. నడక నిజమే, ఆ క్లాసు దాకా. పెద్దవాళ్ళూ చేరొచ్చంటే చేరాను. నువ్వూ వదినగారూ కలిసి నవ్వుతారని దాచాను. పొట్లాల కాగితాలు చదివి పైకొచ్చినవాణ్ణి, నాకు రానిదేమిటని మొదటిరోజు "బాగా" పెట్టాను. చివరిరోజు "అస్సలు రాదు" దగ్గర పెట్టాను. ఆ టిక్కు బిడ్డ అన్నానికే ఎసరు పెడుతుందని తెలిశాక నాకూ ముద్ద దిగలేదు.

నిన్న భోజనాల దగ్గర చెప్పేశాను.

"తెలుసు నాన్నా. పేరు రాయలేదు గానీ, టిక్కు పక్కన తన నెత్తికి నూనె రాసుకున్న కథంతా రాసింది నువ్వొక్కడివే."

"మరి అడగలేదేం?"

"అడిగితే టిక్కు మార్చేస్తావని."

"నేనా?" అని నవ్వేసి పెరుగు వేసుకున్నాను.

దానికి చెప్పలేదు, నీకు చెప్తున్నాను. ఒక సాయంత్రం జేబులో పెన్ను పెట్టుకుని ఆ టిక్కుల కాగితాలున్న ఆఫీసు గది దాకా వెళ్ళాను. తాళం వేసి ఉంది.

ఇట్లు,
అమ్మాయి వాళ్ళ నాన్న