తప్పులుంటే తెలియజేయగలరు

మాగెలాంగ్,
4 మార్చి 1996

సఫియు గారికి,

సలాం. 'మూడో కూత' శ్రోతల సంఘం బులెటిన్ పద్నాలుగో సంచికలో మీ కథ మొదటి భాగం చదివాను. చివర మీరు "తప్పులుంటే తెలియజేయగలరని వినయపూర్వకంగా కోరుతున్నాను" అని రాశారు. పదిహేనో సంచిక వచ్చేదాకా ఆగాను. అందులో మీకు తొమ్మిది మంది జవాబిచ్చారు. తొమ్మిది మందీ "అద్భుతం, తర్వాతి భాగం ఎప్పుడు?" అన్నారు. మీరు అడిగింది ఒక్కరూ ఇవ్వలేదు. అడిగిన మనిషిని అలా వదిలేయడం మర్యాద కాదు కనుక నేను రాస్తున్నాను.

ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ముగ్గురు మనవరాళ్ళు. రేడియోలో 'మూడో కూత' రెండు వందల పన్నెండు భాగాలూ విన్నాను. పడవ నడిపే దర్సా పొగమంచులో తప్పిపోయి, అతని భార్య సుమీరా రేవులో ఎదురుచూస్తూ ఉండగా స్టేషన్ వాళ్ళు నాటకం ఆపేశారు. అతను ఇంటికి చేరాడో లేదో ఎవరికీ తెలియదు. మీరు చేరుస్తానని పూనుకున్నారు. ఆ పని సవ్యంగా జరగాలి.

తొమ్మిది పేజీల్లో తప్పులు ముప్పై ఏడు. పట్టిక జతచేశాను. మచ్చుకి: మూడో పేజీలో సుమీరా సోయా గింజల టెంపే ముక్కలు వేయిస్తోంది. నాలుగో పేజీలో అదే మూకుడులోంచి చేప దింపింది. రెండో పేజీలో సముద్రం పోటు మీద ఉంది, పది నిమిషాలకే రేవంతా బురద తేలింది. సుమీరా పదకొండుసార్లు ఏడ్చింది. మొగుడు కనపడని ఆడదానికి అంత తీరిక ఉండదు. పొయ్యి వెలిగించాలి, పిల్లలకు జడలు వేయాలి.

శ్రద్ధతో,
మూర్తినింగ్సిహ్

తా.క.: కథ మూడుసార్లు చదివాను. మూడోసారి తప్పుల కోసం కాదు.

*

బావ్‌బావ్, బూటన్ దీవి,
2 ఏప్రిల్ 1996

గౌరవనీయులైన ఇబు మూర్తినింగ్సిహ్ గారికి,

ముందుగా క్షమాపణలు. నా కథ మీకు ఇంత కోపం తెప్పిస్తుందనుకోలేదు.

ఆ చివరి వాక్యం మేమందరం రాస్తాం, ఇబూ. గుమ్మంలో కూర్చుని అన్నం తింటూ, దారిన పోయేవాళ్ళను "రండి, తిందాం" అంటాం చూడండి, అలాంటిది. ఎవరూ నిజంగా లోపలికి రారు. మీరు వచ్చారు. చాప వేసుకుని కూర్చుని ఉప్పు చాలలేదన్నారు.

నేను ఫెర్రీ టికెట్ల గదిలో గుమాస్తాను. మీ కవరు లావు చూసి నా పక్క బల్ల దగ్గర కూర్చునే లా బారు "ఒరేయ్, జావా నుంచి కోర్టు కాగితాలొచ్చాయిరా నీకు!" అని అరిచాడు. అంతటితో ఊరుకోక, లైన్లో ఉన్నవాళ్ళందరికీ మీ పట్టిక చదివి వినిపించాడు. టికెట్టు కొనడానికొచ్చిన ఒకావిడ "చేప సంగతి నిజమే కదా తమ్ముడూ. టెంపే ఏమైపోయింది మరి?" అని అడిగింది. చిల్లర ఎక్కువిచ్చి పంపేశాను.

ఇక నేను రాయను. దర్సా గురించి అడగకండి.

తలవంచుకుని,
లా ఓడే సఫియు

తా.క.: నాలుగో పేజీ రాసే వేళకి మా అమ్మ చేప వేయించింది. బావ్‌బావ్‌లో మా వంటింటి సంగతి అక్కడ మీకెలా తెలిసింది?

*

మాగెలాంగ్,
29 ఏప్రిల్ 1996

సఫియు గారికి,

ఇక రాయనన్నారు. అంటే మొదటి పట్టిక మీకు సరిపోలేదని అర్థమైంది. కథ మళ్ళీ చదివి ఇంకో పదహారు తప్పులు పట్టి పంపుతున్నాను. ఇప్పుడు మీరు రాయడానికి ఏ అడ్డమూ లేదు.

నాకు కోపమని ఎవరు చెప్పారు? కోపం వస్తే నేను ఒక్క వాక్యమే రాస్తాను. ఇక ఆ "రండి, తిందాం" సంగతి. పిలిచినవాళ్ళ కుండలో అన్నం ఉండాలని మా అమ్మ నాకు నేర్పింది.

దర్సా గురించి నేను ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. నా చెల్లెలు రాత్మి కొత్త భూములిస్తారంటే కుటుంబంతో లాంపుంగ్ వెళ్ళిపోయింది. చూసి పదకొండేళ్ళు. రోజూ నాలుగున్నరకి నాటకం మొదలయ్యేది. ఆమె అక్కడ రేడియో ముందు, నేను ఇక్కడ రేడియో ముందు. ఓడ మూడో కూత వేయగానే, ఇప్పుడు రాత్మి కూడా చెయ్యి గడ్డం కింద పెట్టుకుని ఉంటుందనుకునేదాన్ని. ఆ అరగంట మేమిద్దరం ఒకచోట ఉన్నట్టే. ఇప్పుడు నాలుగున్నరకి ధరల బులెటిన్ వస్తుంది. మిరపకాయల ధర విని ఏం చేసుకోను? మీ కథ నకలు తీసి ఆమెకు పంపాను. "అక్కా, తర్వాత?" అని ఒక్క ముక్క రాసింది.

మీ వయసు ఇరవయ్యారని బులెటిన్‌లో ఉంది. ఇకమీదట నిన్ను బిడ్డలా నాక్ అంటాను. నువ్వు నన్ను మా మనవరాళ్ళలాగే ఎయాంగ్ అను.

ఎదురుచూస్తూ,
మూర్తినింగ్సిహ్

తా.క.: మీ లా బారు నా పట్టికను బులెటిన్‌కి పంపాడట, వాళ్ళు అచ్చేశారు. నన్ను సంఘం నుంచి తీసేయమని ఇరవై రెండు మంది రాశారు. వాళ్ళలో పందొమ్మిది మంది చివర "తప్పులుంటే క్షమించండి" అన్నారు. క్షమించాను. మిగతా ముగ్గురికీ పట్టికలు తయారవుతున్నాయి.

*

బావ్‌బావ్,
11 జూన్ 1996

ఎయాంగ్‌కి,

రెండో భాగం జతచేశాను. మీ చెల్లెలి కోసం. సుమీరా ఏడుపులు నాలుగుకి తగ్గించాను. అంతకన్నా తగ్గితే అది మొగుణ్ణి మరిచిపోయిందనుకుంటారని లా బారు అంటున్నాడు.

విధేయుడు,
సఫియు

తా.క.: ఇంట్లో వంట అయ్యాక రాశాను.

*

మాగెలాంగ్,
20 ఆగస్టు 1996

నాక్ సఫియు,

రెండో భాగంలో తప్పులు ఇరవై ఒకటి. మూడో భాగంలో తొమ్మిది. వాటి పట్టికలు నీకు అందాయి. నిన్న వచ్చిన నాలుగో భాగంలో ఒక్కటీ లేదు. అభినందనలు. రాయవలసింది ఇంకేమీ లేదు.

ఎయాంగ్

*

మాగెలాంగ్,
28 అక్టోబరు 1996

నాక్ సఫియు,

నాకు తప్పుల పుస్తకం ఒకటి ఉంది. ఏ భాగంలో ఎన్ని, ఏ పేజీలో, ఏ రకం, అన్నీ తేదీలతో రాస్తాను. నిన్న దాన్ని తిరగేశాను. ఐదో భాగంలో పన్నెండు. ఆరో భాగంలో పన్నెండు. ఏడులో పన్నెండు. నిన్న వచ్చిన ఎనిమిదిలో పన్నెండు.

తప్పులు కోడిగుడ్లు కావు, డజన్ల లెక్కన రావడానికి. పైగా ఎనిమిదో భాగంలో సుమీరా కోడిని కోసింది, రెండు పేజీల తర్వాత అదే కోడి గుడ్డు పెట్టింది. నువ్వూ లా బారూ కలిసి ముసలిదాన్ని ఆటపట్టిస్తున్నారా?

మూర్తినింగ్సిహ్

*

బావ్‌బావ్,
16 నవంబరు 1996

ఎయాంగ్,

ఆటపట్టించడం కాదు. ఒట్టు.

నాలుగో భాగం ఎంత జాగ్రత్తగా రాశానో. మీ ఉత్తరం ఆరు వాక్యాలే వచ్చింది. కిటికీ దగ్గర ఒక మనిషికి టికెట్టు కోసి ఇచ్చేలోపు చదవడం అయిపోయింది. వెనక్కి తిప్పి చూశాను, అక్కడా ఏమీ లేదు. "ఏరా, అవ్వ ఇక నిన్ను తిట్టదా?" అన్నాడు లా బారు. వాడికీ బెంగగానే ఉంది.

రోజంతా మనుషుల్ని ఓడ ఎక్కించి పంపడమే నా పని. నా పేరున వచ్చే ఉత్తరం మీదొక్కటే. "అద్భుతం" అనేవాళ్ళు ఎంత చదివారో నాకు తెలియదు. మీరు ప్రతి మాటా చదివారని నాకు తెలుసు. పన్నెండు తప్పులుంటే నాలుగు పేజీల ఉత్తరం వస్తుంది. అందుకని పెట్టాను.

తప్పొప్పుకుంటూ,
సఫియు

తా.క.: కోడి మాత్రం కావాలని పెట్టింది కాదు. ఆ లెక్కన ఎనిమిదిలో పదమూడు ఉండాలి. ఇంకొకటి మీ కంట పడలేదు.

*

మాగెలాంగ్,
9 డిసెంబరు 1996

నాక్ సఫియు,

ఈ రోజే రాయడానికి కారణం ఉంది. నాలుగు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. ఐదో రోజు లాంపుంగ్ నుంచి రాత్మి ఉత్తరం వచ్చింది. ఎనిమిదో భాగం చదివి రాసింది. ఉన్నదున్నట్టు దించుతున్నాను:

"అక్కా, ఆ దర్సా అంత మొద్దేమిటే? ఎదురుగా మంగళవారం పడవ పోతుంటే ఎందుకు ఎక్కడు? నువ్వెలా ఊరుకున్నావు? ఆవగింజంత తప్పు కూడా వదలవు కదా!"

ఆమె అడిగింది నిజం. మూడో భాగం ఐదో పేజీలో నువ్వే రాశావు: దర్సా చేరిన దీవి నుంచి ప్రతి మంగళవారం ఉప్పు పడవ సుమీరా రేవుకే వస్తుంది, నలభై నిమిషాల ప్రయాణం. అతనికి కాళ్ళు బాగున్నాయి, జ్ఞాపకం బాగుంది, పడవవాడు స్నేహితుడు. అయినా ఐదు భాగాలుగా ఒడ్డున నిలబడి అటు చూసి నిట్టూరుస్తున్నాడు. నీ కథలో అన్నిటికన్నా పెద్ద తప్పు అది. టికెట్లమ్మేవాడివి, నీకు తట్టలేదు.

నాకు తట్టింది. మొదటిసారి చదివినప్పుడే. నా పుస్తకంలో వేయలేదు. వేస్తే వచ్చే మంగళవారమే అతను ఇంటికి పోతాడు, కథ అయిపోతుంది, రాత్మికి పంపడానికి నా దగ్గర ఏమీ మిగలదు. మూకుడులో చేపను దిద్ది, మనిషిని దీవి మీద వదిలేశాను. నువ్వు లేని తప్పులు పెట్టావు, నేను ఉన్న తప్పు దాచాను. ఇద్దరిలో ఎవరిది పెద్దదో చెప్పనక్కర్లేదు.

ఇక్కడి నుంచి రాత్మి ఊరికి ఒక బస్సు, ఒక ఓడ. ప్రతి ఏడూ "వచ్చే ఏడు" అని రాశాను. నా కాళ్ళూ బాగానే ఉన్నాయి.

ఇక జరగవలసినవి:

1. తొమ్మిదో భాగంలో దర్సాను మంగళవారం పడవ ఎక్కించు. తుపాను, జ్వరం, పడవకు చిల్లు, ఏదీ అడ్డం పెట్టకు.

2. సుమీరా ఒక్కసారి ఏడవవచ్చు. ఎంతసేపన్నది నీ ఇష్టం.

3. కావాలని తప్పులు పెట్టకు. నీకు సహజంగా వచ్చేవి చాలు. అవి లేకపోయినా నాలుగు పేజీలూ వస్తాయి, మనవరాళ్ళ సంగతులు రాస్తాను.

4. ఆ భాగం మాగెలాంగ్‌కి పంపకు. రాత్మి చిరునామా వెనక రాశాను. ఇరవై మూడున బస్సెక్కుతున్నాను.

5. నేను ఇంతవరకూ సముద్రం చూడలేదు. నీ ఆటుపోట్లన్నీ బడిలోని భూగోళం పుస్తకం చూసి దిద్దాను. ఓడ మీద నుంచి స్వయంగా చూస్తాను. నేను కొట్టేసినవాటిలో నీదే ఒప్పయితే, ఆ వాక్యాలన్నీ తిరిగి రాసుకో.

6. నీ భాగం వచ్చిన రోజు నాలుగున్నరకి రాత్మీ నేనూ ఒకే గదిలో కూర్చుంటాం. నేను పైకి చదువుతాను. తప్పు కనపడినా ఆపను.