నలభై ఒక్క లింకులు

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నీ అల్లుడూ, మనవరాలూ క్షేమం. అక్కా వాళ్లింట్లో నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను. నేనూ క్షేమమే అని రాయాలి గానీ, పది రోజులుగా కోపంతో ఒళ్లు ఉడికిపోతోంది. ఫోన్ చేస్తే సగంలోనే ఓదార్చడం మొదలుపెడతావు. అందుకే రాస్తున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. పాపకు దగ్గు తగ్గింది. నువ్వు మోకాలి పట్టీ మానొద్దు. ఆసుపత్రి పేరుతో ఒకే పొద్దున నలభై ఒక్క మెయిళ్లు వచ్చాయనీ, అన్నిట్లోనూ లింకు నొక్కమని ఉంటే మోసమేమోనని చెరిపేశాననీ రాశావు. తెలియని లింకు నొక్కొద్దని నీకు నూరిపోసింది నేనే, నిన్నేమనను? కానీ అవి మోసం కాదమ్మా, మేం పంపినవే. ట్రైనీ నర్సులకు పాఠాలు చెప్పే ఆర్డరు ఎప్పుడొస్తుందని కూడా అడిగావు. ఆ సంగతి చివర్లో రాస్తాను.

ఆసుపత్రి కంప్యూటర్లలో లాగిన్ అయ్యే పాత పద్ధతి తీసేసి మా కంప్యూటర్ విభాగం వాళ్లం కొత్తది పెట్టాం. పాత పాస్‌వర్డ్‌లు కొత్తదానికి పనికిరావు. ప్రతి ఒక్కరి మెయిల్‌కూ ఒక లింకు వెళ్తుంది, అది నొక్కి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. రెండు వారాలు పరీక్షించి చూద్దామని మొత్తుకున్నాం. ఈ మధ్యే వచ్చిన మా మేనేజరు వింటేగా! "సోమవారం మొదలెడతామని సూపరింటెండెంటు గారికి మాటిచ్చేశాను. లాగినే కదా, అదేమన్నా గుండె ఆపరేషనా?" అన్నాడు.

సోమవారం ఉదయం ఏడింటికి డ్యూటీ మారింది. మీ పాత వార్డులో ఒక్క కాంట్రాక్టు నర్సుకీ లాగిన్ కాలేదు. నువ్వు 'గంట' అని పిలిచే ఆ పెద్దగొంతు పిల్ల మా గదికి పరుగెత్తుకొచ్చింది.

"లింకు పంపించాం, పంపించాం అంటుంది ఈ కంప్యూటర్ మొహం! ఎవరికి పంపింది అక్కా? మందుల చార్టు తెరుచుకోకపోతే ఎవరికేం ఇచ్చేది?"

అన్ని డ్యూటీలవాళ్లూ కలిపి అలా నలభై ఒక్కమంది. పొద్దుటి డ్యూటీ వాళ్ల లాగిన్లు మేం సరిచేసేసరికి రెండున్నర గంటలు పట్టింది. ఈలోగా ఏడో మంచం మీది ముసలాయనకు ఫిట్స్ మందు తప్పింది. ఫిట్స్ వచ్చి తల మంచం కమ్మీకి కొట్టుకుంది. నాలుగు కుట్లు పడ్డాయి, ప్రాణం దక్కింది. ఆయన కూతురు మా గది గుమ్మంలో నిలబడి, మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి వెళ్లిపోయింది.

ఆ లింకులన్నీ నీకే ఎందుకొచ్చాయో నీకీపాటికి గుర్తొచ్చే ఉంటుంది. కాంట్రాక్టు వాళ్లకు ఆఫీసు మెయిల్ ఇవ్వలేదు. మెయిల్ గడి నింపకపోతే పాత పద్ధతిలో పేరు చేరేది కాదు. "నాది రాసుకోండే, నా సొమ్మేం పోయింది" అన్నావు. ఎనిమిదేళ్లు ఏమీ పోలేదు. నీ మీదా కోపం వచ్చింది, దాచను. రిటైరయ్యేటప్పుడు ఒక్క ముక్క ఎవరికైనా చెప్పకూడదూ! వాళ్లకు ఆ పాటి మెయిల్ కూడా ఇవ్వకుండా చాకిరీ చేయించుకున్న ఆఫీసు మీద మాత్రం అంతకు పదింతలు మండింది.

విచారణ పెట్టారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "ఇదంతా ఆ రిటైరైన హెడ్ నర్సు నిర్వాకం" అన్నాడు మేనేజరు. నువ్వు నా తల్లివని అతనికి తెలియదు. నేను చెప్పలేదు.

ఇంతసేపూ అందరినీ తిట్టాను కదా, ఇక నా సంగతి విను. శుక్రవారమే ఆ జాబితా నా కంటపడింది. నలభై ఒక్క పేర్లకు ఒకటే మెయిల్, చూడగానే నీదని తెలిసింది. బయటపెడితే 'మీ అమ్మ తెలివా' అని ఆఫీసులో పాతవాళ్లు నవ్వుతారని నోరు మూసుకున్నాను. లింకులు రాగానే నాకు పంపమని ఆదివారం నీకు ఫోన్ చేద్దామనుకున్నాను. పాప దగ్గుతో డాక్టరు చుట్టూ తిరిగి మరిచిపోయాను. ఆ తర్వాత, తప్పంతా హెడ్ నర్సుదేనని మేనేజరు చెబుతుంటే రిపోర్టు టైపు చేసింది నేనే. కింద సంతకమూ నాదే. దాని నకలు నర్సింగ్ ఆఫీసుకు వెళ్లింది. మర్నాడే నీ ఆర్డరు రద్దు చేశారు.

నిన్న ఇంకో కాగితం రాసుకుని సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లాను. శుక్రవారమే చూసి దాచింది నేనని రాశాను. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు.

"రెండింటి కిందా నీ సంతకమే ఉందమ్మా. ఏది నమ్మమంటావు?"

మళ్లీ విచారణ చేస్తారట. నీ పాఠాలు ఈ ఏడాదికి వేరే ఆవిడకి ఇచ్చేశారు, అది ఇక మారదు. నా ఉద్యోగం ఊడితే ఊడనీ.

నీ సంగతి నాకు తెలుసు. ఇది చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, 'పోనీలే తల్లీ' అని రాయడానికి కూర్చుంటావు. రాయొద్దు. వార్డులో మందు తప్పించిన నర్సును నిలబెట్టి ఎలా కడిగేసేదానివో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఏడో మంచానికి మందు తప్పించింది నేను. నన్నూ అలాగే నిలబెట్టి అడుగు.

ఇట్లు,
నీ ఉత్తరానికి మొదటిసారి భయపడుతున్న
నీ చిన్నకూతురు