ముందు గంట కొట్టేదెవరు?

బాంబెర్గ్, మార్చి 4

ప్రియమైన వెర్నక్కా,

నీకో నిజం చెప్పాలి. చదివి తిట్టుకో. ఇన్నాళ్లూ మా ఇరుగుపొరుగు బంగారమని రాశానే, అదంతా పచ్చి అబద్ధం. జర్మనీ వచ్చి నాలుగు నెలలైంది, ఈ మేడలో ఒక్కరు నా గడప తొక్కలేదు. మొదటి వారమంతా తల దువ్వుకుని, కాఫీ పెట్టుకుని ఎదురుచూశాను. అమెరికాలో, మన నెబ్రాస్కాలో అయితే లారీలోంచి సామాను దిగకముందే ఎవరో ఒకరు తియ్యటి ఆపిల్ 'పై' వండి పట్టుకుని తయారవుతారు కదా! ఇక్కడ మెట్ల మీద ఎదురైతే గోడకి చెప్పినట్టు నమస్కారం చెప్పి పోతారు. కింది వాటా పెద్దావిడ హిల్ట్రూడ్ అయితే నన్ను చూడగానే మూతి ముడుస్తుంది. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపినదాన్ని, ఊరు ఊరంతా నాకు చెయ్యి ఊపేది. అరవై ఒకటో ఏట మీ అందరితో పోట్లాడి వచ్చాను కనుక చెప్పుకోలేకపోయాను. ఇక నావల్ల కాదు. నెలాఖరుకి వచ్చేస్తున్నాను. "ముందే చెప్పానుగా" అని మాత్రం అనకు.

నీ లోరెట్టా


బాంబెర్గ్, మార్చి 19

వెర్నక్కా! వెర్నక్కా!

కాళ్లు నేల మీద నిలవడం లేదు! ఖాళీ అట్టపెట్టెలు మోసుకొస్తుంటే హిల్ట్రూడ్ మెట్ల మీద అడ్డం నిలబడింది.

"అప్పుడే వెళ్లిపోతున్నావా? నాలుగు నెలల్లో ఒక్కసారైనా మా తలుపు గంట కొట్టావా? నేనెవరు, ఎక్కణ్ణుంచొచ్చాను అని చెప్పావా? ఎంత పొగరమ్మా నీకు!"

నా వచ్చీరాని జర్మన్‌లో అరిచాను. "నాకా పొగరు? మీరొస్తారని నేను కాచుక్కూచుంటే!"

"మేమెందుకొస్తాం? కొత్తగా వచ్చింది నువ్వు! పిలవకుండా వచ్చి మీదపడితే ఏం మర్యాద? మొదటి ఆదివారం నీకోసం కేకు చేశాను. నువ్వు రాలేదు. మేమే తిన్నాం."

అక్కా, ఆ కేకు మాట వినగానే మెట్ల మీదే కూలబడి ఏడ్చాను. ఆవిడా పక్కనే కూచుని ముక్కు చీదింది. ఆ సాయంత్రమే ఆరు వాటాల గంటలూ వరసగా కొట్టాను. "నా పేరు లోరెట్టా, పైన ఉంటాను" అనడమే ఆలస్యం, లోపలికి లాగేశారు! నాలుగు కాఫీలు, రెండు సారాలు, ఒక దోసకాయ పచ్చడి సీసా. ఎవరి మోకాలు నొప్పి ఎంతో కూడా తెలిసిపోయింది.

ఇంకా ఉంది. నాలుగు రోజుల కిందట ఎదురు వాటాలో కొత్త జంట దిగింది. నిన్న కాఫీ తాగుతూ హిల్ట్రూడ్‌తో అన్నాను: "మూడు రోజులైంది, ఒక్కళ్లయినా వచ్చి గంట కొట్టారా? ఎంత పొగరో చూడండి!"

ఆవిడ కప్పు కింద పెట్టి పడీ పడీ నవ్వింది. ఎందుకో అర్థమయ్యేసరికి నాకు ఒళ్లు పులకరించింది. నేను వీళ్ల మనిషినైపోయాను!

టికెట్ రద్దు చేశాను. నేను రాను అక్కా, నువ్వే రా. కానీ ఒకటి, వచ్చిన రోజున అన్ని వాటాల గంటలూ నువ్వే కొట్టాలి. నేను సాయం రాను.

బాంబెర్గ్ మనిషి,
నీ లోరెట్టా